ఎంగిలి లెక్క

సృష్టి మొదలైన తొలి క్షణాల్లో ఎంత వేడి ఉండేదో లెక్క కట్టే గదిలో వింధ్యావళి స్వెట్టర్ తొడుక్కుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని కూర్చుంటుంది. లెక్కలో రెండు లక్షల కోట్ల డిగ్రీలు. గదిలో పద్దెనిమిది. యంత్రాలు వేడెక్కకుండా సముద్రపు నీళ్ళు గొట్టాల్లో పారిస్తారు కాబట్టి గోడలు కూడా చల్లగా చెమరుస్తూ ఉంటాయి. భీమిలి దాటాక ఒడ్డున ఉన్న ఆ భవనానికి గుమ్మం మీద పెద్ద ఇంగ్లీషు పేరే చెక్కి ఉంది గానీ, చుట్టుపక్కల జాలరిపేటల వాళ్ళకు అది చలిమిద్దె. వింధ్యావళికీ ఆ పేరే బాగుంటుంది. నాలుగేళ్ళుగా ఆమె బతుకుతున్నది చలిలోనే మరి.

ఆ లెక్క సంగతి చెప్పాలంటే పక్కపేటలో ఆరేసిన వలను చూపిస్తే చాలు. స్థలాన్నీ కాలాన్నీ వలకళ్ళలా చిన్న చిన్న గళ్ళు చేసి, ముడికీ ముడికీ మధ్య దారం ఎంత బిగువుగా లాగుతోందో యంత్రాలు లెక్కిస్తాయి. చల్లగా ఉన్నంతసేపూ ఆ దారం తెగదు. ప్రోటాన్లలో, న్యూట్రాన్లలో క్వార్కులనే సూక్ష్మకణాలు కట్టుబడి ఉంటాయి, మనమూ మన రాళ్ళూ రప్పలూ గట్టిగా నిలబడి ఉంటాం. వేడి ఎక్కించి గట్టిగా నొక్కితే అన్నీ కరిగి క్వార్కుల పులుసవుతుంది. ఎలా అవుతుందన్నదే పేచీ. నెయ్యి కరిగినట్టు నిదానంగానా, పాలు పొంగినట్టు ఒక్కసారిగానా?

ఊరికే తెలుసుకోవడానికైతే ఇంత తొందర లేకపోను. నల్లమల అంచున ఒక కొండను తొలిచి కొలిమి అనే యంత్రాన్ని కట్టారు. ఆ పులుసు బొట్టును అయస్కాంతాల మధ్య ఒక పూర్తి సెకను నిలబెట్టడం దాని పని. నెయ్యిలా కరిగితే పేచీ లేదు. పాలలా పొంగితే మాత్రం అయస్కాంతాలు చిట్లి, సొరంగంలో వాల్వుల దగ్గర నిలబడిన ఆరుగురూ బయటికి రారు. ఎంత నొక్కితే పొంగుతుందో చలిమిద్దె తేల్చి చెప్పాలి. ఆ ఆరుగురిలో మొదటి వాల్వు మనిషి మురహరి. వింధ్యావళి మొగుడు.

ఇక వింధ్యావళి ఉద్యోగం. జవాబు ఎలా ఉండాలో మనసులో ముందే అనుకున్నవాడి లెక్క ఆ జవాబు వైపే ఒరుగుతుంది. దొంగబుద్ధి ఉండక్కర్లేదు, ధర్మరాజుకైనా అంతే. అందుకని యంత్రాలు ఇచ్చే ఫలితాలన్నిటినీ ఒక రహస్యపు అంకెతో గుణించి పై అంతస్తుకు పంపుతారు. అక్కడ ఇరవై రెండు మంది కళ్ళకు గంతలు కట్టుకున్నట్టే లెక్క చేస్తారు. అంతా అయ్యాక, అందరి ఎదుటా అంకె చెప్పి గంతలు విప్పుతారు. ఒకప్పుడు ఆ అంకెను కంప్యూటర్లోనే దాచేవారు. ఇప్పటి యంత్రాలు ఒకదాని గుట్టు ఒకటి పసిగట్టేస్తున్నాయి. ఏ పెట్టెలో దాచినా ఏదో ఒక తెలివిగల యంత్రం సాయం చేస్తున్నాననుకుని ఊహించి చెప్పేస్తోంది. చివరికి ఇన్ని తెలివితేటల లోకంలోనూ మనిషి తలకాయే దిక్కయింది. ఆ తలకాయ వింధ్యావళిది. రాయకూడదు, పలకకూడదు. పై వాళ్ళ దగ్గర జవాబు ఉంటుంది, అంకె ఉండదు. వింధ్యావళి దగ్గర అంకె ఉంటుంది, జవాబు ఉండదు. ఆ రెండూ గడువుకు ముందే ఒకచోట కలిశాయా, లెక్క ఎంగిలైనట్టు. చలిమిద్దెలో అందరూ ఆ మాటే వాడతారు. ఎంగిలి లెక్కను పారబొయ్యాల్సిందే, మళ్ళీ వండుకోవాల్సిందే. నాలుగేళ్ళ వంట!

నోట్లో నువ్వుగింజ నానదని మనలో చాలామందికి పేరు. వింధ్యావళి నోట్లో సున్నా పాయింట్ ఎనిమిది ఏడు మూడు ఒకటి నాలుగేళ్ళు నానింది. పన్ను పీకించుకున్నప్పుడు మత్తు ఇవ్వద్దంది, మత్తులో వాగుతుందేమోనని. చేతిలో ఫోన్ లేదు, గేటు దగ్గర తీగల ఫోన్ ఒకటుంది. నడవాలో నడిచేటప్పుడు చిన్న ఇత్తడి గంట కొట్టుకుంటూ నడవాలి, ఆ చప్పుడుకు గదుల్లో వాళ్ళు కాగితాలు బోర్లించుకుంటారు, తెరలు ఆర్పేసుకుంటారు, మాటలు ఆపేస్తారు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత, ఎదురుగా నవ్వులు వినిపిస్తూ ఉండి, తన గంట మోగగానే ఆగిపోవడం భరించలేక, ఆమె పనిబడితే తప్ప గది దాటేది కాదు. క్యాంటీన్లో ఆమెది కిటికీ పక్క ఒంటరి బల్ల. దానికి ఒకటే కుర్చీ.

మురహరి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ఇద్దరూ ఇంజనీరింగులో ఒకే బెంచీ వాళ్ళు, అప్పటి నుంచీ ఒకరి నిద్ర ఒకరికి తెలుసు. వింధ్యావళి నిద్రలో మాట్లాడుతుంది. అందుకని వచ్చిన నాలుగు రోజులూ అతను హాల్లో దివాన్ మీద పడుకునేవాడు, ఆమె గదిలో లోపల గడియ పెట్టుకునేది. పొద్దున్నే ఇద్దరూ కాఫీ తాగుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయేవారు, తప్పు చేసినవాళ్ళలాగా.

ఆ బుధవారం నాలుగింటికి క్యాంటీన్ పోలమ్మ మిరపకాయ బజ్జీలు వేసింది. మామూలుగా అరటాకు ముక్కలో పెట్టి ఇస్తుంది, ఆ రోజు కాగితంలో చుట్టి ఇచ్చింది. వింధ్యావళి తన బల్ల దగ్గర కూర్చుని రెండు తిన్నది. మూడోది తీసేసరికి నూనెకు కాగితం అద్దంలా అయి, వెనకవైపు గీసిన గీతలు తేలాయి. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, వంకర తిరిగి చప్పున లేచిపోయిన మరో గీత. అది లేచిన చోట ఒక నల్లటి చుక్క. చుక్క కింద అయిదు పాయింట్ రెండు అని రాసి ఉంది. మూల మీద తవిటినాయుడి పొట్టి సంతకం. తవిటినాయుడు పై అంతస్తులో ఆ లెక్క మీదే పీహెచ్‌డీ రాస్తున్నవాడు.

కళ్ళు మూసుకుంది. మూసుకుని ఏం లాభం? చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించిన బుర్ర అది, ఆగమంటే ఆగదు. అయిదు పాయింట్ రెండును సున్నా పాయింట్ ఎనిమిది ఏడు మూడు ఒకటి పెట్టి భాగించేసింది. ఆరుకు వెంట్రుకవాసి తక్కువ. అంత నొక్కితే పాలలా పొంగుతుందన్నమాట.

"ఏటమ్మా, అలగ సూస్తన్నారు? కారవెక్కువైపోనాదా?" అంది పోలమ్మ.

"ఈ కాగితం ఎక్కడిది, పోలమ్మా?"

"ఆకులు అయిపోనాయమ్మా. పై మెట్ల కాడ ముక్కలు సేసే మిసను పాడైపోనాదంట, దాని పక్కన ఒక పెట్టిలో తెల్లకాయితాలు కుక్కీసి ఉన్నాయి. సెత్తే కదాని తెచ్చీసినాను. తప్పేటి?"

తప్పేమీ లేదంది వింధ్యావళి. బజ్జీ కాగితాన్ని మడిచి మడిచి అగ్గిపెట్టంత చేసి పొయ్యిలో వేసింది. అంకె ఒక తలలో, జవాబు ఇంకో తలలో ఉండాల్సినవి, ఒక్క తలలో పక్కపక్కన కూర్చున్నాయి. లెక్క ఎంగిలైంది. ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో తనొక్కతే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా.

ఎంగిలి ఒక్కటే అయితే ఆమె అంతగా బెదిరిపోయేది కాదేమో. పొద్దున మురహరి గేటు ఫోన్‌కు చేశాడు. పని మాటలు అనకూడదు కాబట్టి పేపర్లో పడ్డ ముక్కే చెప్పాడు, చెబుతుంటే గొంతులో ఉత్సాహం ఆగలేదు. శుక్రవారం కొలిమికి తొలి వెలిగింపు, పన్నెండు దాకా నొక్కే అసలు పరీక్ష కాదు, ఒళ్ళు కాచుకోవడానికి ఆరు దాకానే. పాత లెక్కల ప్రకారం ఎనిమిది దాకా భయం లేదు. అందుకే చలిమిద్దె గంతలు విప్పే రోజు దాకా, ఇంకా ఇరవై రోజులు, ఆగక్కర్లేదన్నారు. తొమ్మిదేళ్ళు ఆ కొండలో గడిపినవాడు మురహరి. మొదటి వాల్వు తిప్పేది తనే.

ఆరు.

కానీ ఆ చుక్కకు అటూ ఇటూ అనుమానపు గీత పొడుగ్గా ఉంది. అసలు పొంగే చోటు అయిదుంబావు దగ్గరైనా ఉండొచ్చు, ఏడు దగ్గరైనా ఉండొచ్చు, ఎవరో విసుగ్గా గీసి పారేసిన చిత్తుప్రతి అది. ఆరు దగ్గర పొంగుతుందా అంటే, బొమ్మా బొరుసా. అంతే ఆమెకు తెలిసింది.

గేటు దగ్గరికి వెళ్ళి తనే ఫోన్ చేసింది.

"హరీ, శుక్రవారం సెలవు పెట్టకూడదూ?"

అతను నవ్వాడు. "పెళ్ళికొడుకును పెళ్ళినాడు సెలవు పెట్టమంటున్నావే. ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఊరికే. ఒకసారి వచ్చిపో అనిపించింది."

"శనివారం బయల్దేరి వస్తాను."

"శుక్రవారమే రా."

మురహరి తెలివితక్కువవాడు కాదు. గొంతు తగ్గించాడు. "వింధ్యా, నువ్వేమీ చెప్పకు. నేనేమీ అడగను. ఒక్క మాట విను. నేను రాకపోతే మొదటి వాల్వు ఖాళీగా ఉండదు. పైడిరాజు నిలబడతాడు. వాడికి మొన్ననే కూతురు పుట్టింది. నాకు బదులు వాణ్ణి నిలబెట్టి నీ దగ్గరికొచ్చి బజ్జీలు తినమంటావా?"

బజ్జీలన్న మాట అతను మామూలుగానే అన్నాడు. వింధ్యావళికి మాత్రం పొయ్యిలో వేసిన కాగితం కళ్ళముందు మెదిలింది. "లేదు. జాగ్రత్త," అని పెట్టేసింది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే ఇరవై రెండు మంది నాలుగేళ్ళ కష్టం గంగలో కలుస్తుంది. తవిటినాయుడి పీహెచ్‌డీ పోతుంది. మురహరి తొమ్మిదేళ్ళ కొలిమి చల్లబడుతుంది, ఎందుకంటే చలిమిద్దెలో శుభ్రమైన లెక్క నడుస్తున్నంతవరకే కొలిమికి అనుమతి. ఎంగిలైందంటే ఆ గంటలోనే దాన్ని మూసెయ్యాలి, ఒళ్ళు కాచుకోవడమైనా సరే. చెప్పకపోతే శుక్రవారం ఆరుగురు సొరంగంలోకి నడుస్తారు, నాణెం గాల్లోకి లేస్తుంది. ఎవరినైనా సలహా అడగాలన్నా అడగడమే చెప్పడం. నాలుగేళ్ళుగా ఒంటరిగానే ఉన్నాననుకుంది గానీ, అది ఒంటరితనం కాదని, ఇదీ ఒంటరితనమంటే అని ఆమెకు అప్పుడు తెలిసింది. తల్లి బతికి ఉంటే ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, ఏమీ చెప్పకుండా, ఊరికే ఏడ్చేది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళకు వింధ్యావళి గంట కొట్టుకుంటూ క్యాంటీన్లోకి వచ్చింది. ఎప్పటిలాగే పెద్ద బల్ల దగ్గర మాటలు ఆగాయి. ఆమె కంచంలో అన్నం, గోంగూర పెట్టించుకుని, కిటికీ వైపు వెళ్ళకుండా పెద్ద బల్ల దగ్గరికి నడిచింది. తవిటినాయుడి పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చుంది. గంటను కంచం పక్కన పెట్టింది.

ఎవరూ కదల్లేదు. బల్ల ఆ చివర డాక్టర్ సలోమి, ఈ లెక్కకు పెద్ద, అరవై దాటిన మనిషి, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని చూస్తోంది. "వింధ్యావళీ, నీ చోటు అక్కడమ్మా," అంది మెల్లగా, పసిపిల్లకు చెప్పినట్టు.

"తెలుసు మేడమ్. నిన్న నాకు మీ జవాబు కనబడింది. చిత్తుప్రతి. అయిదు పాయింట్ రెండు." గంటను మరికాస్త పక్కకు జరిపింది. "నా అంకె సున్నా పాయింట్ ఎనిమిది ఏడు మూడు ఒకటి."

ఆ అంకె గాల్లోకి రాగానే తల తేలికైపోయినట్టనిపించింది ఆమెకు. ఆ సుఖం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. బల్ల చుట్టూ పెదాలు కదులుతున్నాయి, ఇరవై రెండు బుర్రలూ ఆగలేక భాగిస్తున్నాయి. తవిటినాయుడు అందరికంటే ముందు తేల్చాడు. అతని మొహం పాలిపోయింది.

"ఆరా?" అన్నాడు. వెంటనే, "కానీ మేడమ్, ఆ గీత పనికిరాదు, అందుకే పారేశాను. తప్పు ఎంతుందో నాకే తెలీదు. ఇంకో ఇరవై రోజులు ఆగుంటే..."

"రేపే వెలిగిస్తున్నారు," అంది వింధ్యావళి.

సలోమి ముద్దను కంచంలో వదిలేసింది. "నా ఒక్కదానికి చెప్పొచ్చుగా, తల్లీ."

"చెబితే మీరు దాస్తారేమోనని భయమేసింది మేడమ్. మీరు దాస్తే నేనూ దాస్తాను."

పెద్దావిడ ఆ మాటకు కోప్పడలేదు. చెయ్యి కడుక్కుని ఫోన్ చెయ్యడానికి గేటు వైపు వెళ్ళింది. మిగిలినవాళ్ళు ఒక్కరొక్కరే లేచారు. ఎవరూ ఒక్క దుర్భాషా ఆడలేదు. తిట్టినా బాగుండేది. కాసేపటికి అంత పొడుగు బల్లకూ వింధ్యావళి ఒక్కతే మిగిలింది, నాలుగేళ్ళలో మొదటిసారి నలుగురితో కూర్చుని తిందామనుకున్న అన్నం ముందు పెట్టుకుని. పోలమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నా కాయితం వల్లేనా అమ్మా?"

"కాదు, నా వల్ల."

"తినండి. సల్లారిపోతంది," అంది పోలమ్మ. ఆమె తినేదాకా లేవలేదు.

సాయంత్రం మురహరి ఫోన్ చేశాడు. హలో అనలేదు.

"ఎంత ఖాయం?"

"సగానికి సగం."

"సగానికి సగమా! నాణెం ఎగరేసి తొమ్మిదేళ్ళ కొలిమిని ఆర్పేశావా?"

"నాణెం కింద నువ్వున్నావు హరీ."

"నేనొక్కణ్ణేనా అందులో ఉన్నది! నా బతుకంతా ఉంది." అతను ఏడుస్తున్నాడని ఆమెకు అర్థమైంది. ఇరవై ఏళ్ళ కాపురంలో అతని ఏడుపు వినడం అదే మొదలు. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు, చెవికి ఆనించుకునే నిలబడింది. గేటు కాపలా మనిషి మర్యాదగా బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. వింధ్యావళి ఉద్యోగం పోయింది. కర్నూల్లో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకుంటోంది. కొలిమికి తాళం పడ్డాక మురహరిని తాగునీటి పథకం పంపుల మీదికి మార్చారు, వాల్వులు తిప్పడం వచ్చుగదా అని పై వాళ్ళ హాస్యం. ఇద్దరూ ఎన్నాళ్ళకో ఒకే ఇంట్లోకి చేరారు. చేరారన్న పేరే. మొదటి రోజు అతను అలవాటు ప్రకారం హాల్లో దివాన్ మీద దిండు వేసుకున్నాడు. మర్నాడూ అంతే. ఇంక దాచాల్సిన అంకె ఏదీ లేకపోయినా ఆమె లోపల గడియ పెట్టుకునే పడుకునేది. కూరలో ఉప్పు సరిపోయిందా, గ్యాస్ వచ్చిందా, అంతకు మించి మాట లేకుండా నాలుగేళ్ళు నడిచాయి.

చలిమిద్దెలో లెక్క మళ్ళీ మొదటి నుంచి వండారు. కొత్త అంకె, కొత్త తల. ఈసారి గంతలు సరిగ్గా, అందరి ఎదుటా విప్పారు. చుక్క ఆరు పాయింట్ ఏడు దగ్గర తేలింది. అనుమానపు గీత గోరంత. అక్కడ పాలలా పొంగుతుందన్నది నిజమే, పన్నెండు మాట ఇక ఎత్తరు. కానీ ఆరు దగ్గర నెయ్యే.

ఆ తర్వాత ఒక ఆదివారం పదకొండింటికి కొలిమిని ఆరు దాకా వెలిగించడం టీవీలో చూపించారు. వింధ్యావళి కుర్చీలో, మురహరి దివాన్ మీద. సొరంగంలో ఆరుగురు తమ తమ వాల్వుల దగ్గరికి నడిచారు.

"మొదటి వాల్వు పైడిరాజుది," అన్నాడు మురహరి. "నేనే నేర్పాను."

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. రక్తం ఆగి వేలు తెల్లబడింది. అంకెలు నాలుగు దాటాయి, అయిదు దాటాయి, ఆరు. గాజు వెనక ఒక తెల్లటి బొట్టు కనిపించింది, ఒక సెకను నిలబడింది, పోయింది. ఏమీ కాలేదు. పైడిరాజు టోపీ తీసి చెమట తుడుచుకుని నవ్వాడు. అక్కడ నిలబడి అలా నవ్వాల్సినవాడు చిరిగిన బనీనుతో దివాన్ మీద కూర్చుని ఉన్నాడు.

"నేననుకున్నది తప్పు," అంది వింధ్యావళి.

"తప్పే," అన్నాడు అతను. టీవీ మీంచి చూపు తిప్పలేదు. అటే చూస్తూ అడిగాడు, "మళ్ళీ అదే బజ్జీ, అదే కాగితం నీ చేతికొస్తే?"

అబద్ధం చెబితే అతనికి కాస్త ఊరటగా ఉంటుందేమో అనిపించింది. కానీ దాచడమంటే ఆమెకు విసుగు పుట్టిపోయింది. "మళ్ళీ వెళ్ళి ఆ బల్ల దగ్గరే కూర్చుంటాను."

మురహరి తల ఆడించాడు, అవునని కాదు, కాదనీ కాదు. "నిద్రలో ఆ అంకె పలవరిస్తావు, తెలుసా నీకు? సున్నా పాయింట్ ఎనిమిది ఏడు మూడు ఒకటి. నాలుగేళ్ళుగా. గడియ వేసినా హాల్లోకి వినిపిస్తుంది."

"చెప్పలేదేం?"

"చెబితే నోరు కట్టుకుని పడుకుంటావు. నాకు తెలీదా నీ సంగతి." అతను లేచాడు. దివాన్ మీది దిండు తీసి చంకలో పెట్టుకున్నాడు, దుప్పటి భుజాన వేసుకున్నాడు. "పక్కనుంటే తట్టి ఆపొచ్చు. ఇంక ఆ అంకెతో ఎవరికీ పని లేదు వింధ్యా."

అంటూ గదిలోకి నడిచాడు. టీవీలో ఇంకా చప్పట్లు కొడుతున్నారు. వింధ్యావళి అది కట్టేసి, ఆ పట్టపగలు, ఎనిమిదేళ్ళ ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది.